ఆయన ఎందుకు సెలవు పెట్టడు?

ఆ కుర్చీలో కూర్చున్నవాడు జవాబు చెప్పకూడదు. అక్కడి నియమం అది.

ఫార్మసీ కాలేజీ మూడో అంతస్తులో, మెట్లెక్కి ఎడమవైపు తిరిగితే ఒక చిన్న గది. మధ్యలో కోడిగుడ్డు ఆకారపు బల్ల, చుట్టూ ఎనిమిది కుర్చీలు, గోడకు తెల్లబోర్డు. మూలన తొమ్మిదో కుర్చీ ట్యూటరుది. ఆఖరి సంవత్సరం పిల్లలకు మేనేజ్‌మెంట్ నేర్పే గది అది. నేర్పడమంటే పాఠం చెప్పడం కాదు. ఒక సమస్య రాసిన కాగితం వాళ్ళ ముందు పెడతారు. వాళ్ళే చదవాలి, వాళ్ళే వాదులాడుకోవాలి, వాళ్ళే తేల్చాలి. ఒక్కో సమస్యకు మూడు వారాలు. ట్యూటరు దారి చూపకూడదు, బోర్డు మీద చెయ్యి వేయకూడదు, మార్కరు ముట్టుకోకూడదు. ఎవరైనా ఏదైనా అడిగితే తిరిగి ఒక ప్రశ్న వేసి ఊరుకోవాలి.

ఈ పనికి మన సారంతటివాడు కాగడా పెట్టి వెతికినా దొరకడు. నాలుగేళ్ళలో ఒక్క జవాబు చెప్పిన పాపాన పోలేదు. "టైమెంతయింది సార్?" అంటే "నీకెంతయిందనిపిస్తోంది?" అంటాడని పిల్లలు చెప్పుకునేవారు. ఎదురుప్రశ్న సారు అని పేరు కూడా పెట్టారు. ఆ పేరు ఆయన చెవిన పడకపోలేదు. పైకి గంభీరంగా ఉన్నా లోపల మురిసిపోయేవాడు. జవాబు చెప్పనక్కర్లేని ఉద్యోగం అంత సుఖంగా ఎందుకుండేదో ఆయనకు తెలుసు. మనకూ కాసేపట్లో తెలుస్తుంది.

ఆ గది కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఆసుపత్రి వెనకభాగం. మందుల స్టోరు తలుపు, లారీలనుంచి అట్టపెట్టెలు దించే ఏటవాలు దారి కనబడతాయి. ఆ స్టోరు ఇన్‌ఛార్జి ఒకావిడ. మెడలో నల్లతాడు, తాడుకు మూడు తాళంచెవులు. పెట్టె మీద వేళ్ళ కణుపులతో కొట్టి, నిండుదో సగం ఖాళీదో చెప్పేయగలదు. కాలపరిమితి తీరే నెల ప్రతి పెట్టెమీదా పెన్సిల్‌తో పెద్దంకెలేసి రాస్తుంది. ఆవిడంటే డాక్టర్లకు కూడా హడలే.

ఆవిడ సారుకి స్వయానా అక్క. పదిహేడేళ్ళు పెద్దది. అమ్మ పోయాక అన్నీ తానై పెంచింది. ఇద్దరూ ఉండేది ఒక్క ఇంట్లోనే. కింద అక్క, పైన తమ్ముడి కాపురం. కానీ ఆవిడ ఏడింటికే బయల్దేరుతుంది, ఆయన తొమ్మిదింటికి. ఈ బంధుత్వం ఆవరణలో ఒక్కరికీ తెలియదు. తెలియనివ్వకూడదని అక్కే పెట్టుకున్న కట్టుబాటు. గేటు దాటి లోపలికొస్తే ఆవిడ ఆయన్ని "సారూ" అంటుంది, ఆయన ఆవిడను "మేడమ్" అంటాడు.

తంటా అంతా ఒక శనివారం మొదలైంది. శిక్షణకని స్టోరుకు పంపిన పిల్లల్లో ఒకడు ఫ్రిజ్ తలుపు తెరిచి కబుర్లలో పడ్డాడు. ఇంకొకడు అలమరలో ఉన్న ఎర్ర డబ్బా తాళం ఊడుతుందేమోనని లాగి చూశాడు. అంతే, ఆవిడ అందరినీ బయటికి తరిమేసింది. "మీ సారుకి చెప్పండి. చేతులు కట్టుకుని నిలబడ్డం నేర్పించి అప్పుడు పంపమనండి" అంది. పిల్లలు ఆ మాటకు నాలుగు మాటలు కలిపి స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ ఒప్పజెప్పారు. సారుకి తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రానికే కొత్త సమస్య ఒకటి రాసివ్వమని ప్రిన్సిపాల్ మేడమ్ అడిగి ఉంది. అరికాలి మంట నెత్తికెక్కి ఉన్నవాడు ఏం రాస్తాడు? ఉన్నదున్నట్టు అక్కనే రాసేశాడు. ఆడమనిషిని మగమనిషిని చేసి, పోలిక దొరక్కుండా ఒక మీసం తగిలించాడు.

"ఒక ఆసుపత్రి మందుల స్టోరు ఇన్‌ఛార్జి పదకొండేళ్ళుగా ఒక్కరోజు సెలవు పెట్టలేదు. తాళాలు మెడలోంచి తీయడు. అన్నానికి వెళితే స్టోరు మూసేసి వెళతాడు, వార్డులవాళ్ళు బయట నిలబడాలి. కిందివాళ్ళని పెట్టె ముట్టుకోనివ్వడు. ఒళ్ళు కాలిపోయే జ్వరంలో నీలం దుప్పటి కప్పుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఒక ఎర్ర డబ్బా ఉంది, అందులో ఏముందో అడిగితే కొట్టినంత పనిచేస్తాడు. మీరు ఈ ఆసుపత్రికి కొత్త ఫార్మసీ మేనేజరు. ఇతన్ని ఏం చేస్తారు?"

స్టాఫ్‌రూమ్‌లో చదివినవాళ్ళు పడిపడి నవ్వారు. ప్రిన్సిపాల్ మేడమ్ మాత్రం నవ్వలేదు. కళ్ళజోడు తీసి, "అచ్చం మన ఎదుటి ఆసుపత్రే కదండీ! ఆ స్టోరు గొడవ నెలాఖరు కమిటీలోకి వస్తోంది. నేనూ మెంబర్నే. పిల్లలేం తేలిస్తే అది తీసుకెళ్ళి కమిటీ ముందు పెడతాను. ఆవిణ్ణి అక్కణ్ణుంచి కదపాలని వాళ్ళకూ ఉంది, ఎలాగో తెలీక ఊరుకున్నారు" అంది.

సారు గొంతులో వెలక్కాయ పడింది. కాగితం వెనక్కి తీసుకుందామంటే ఎందుకని అడుగుతారు. మా అక్క అంటే ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటారు. దాచిన కారణం చెప్పాలంటే పదకొండేళ్ళు వెనక్కి వెళ్ళాలి. "అలాగే మేడమ్" అన్నాడు.

మొదటి వారం ఎనిమిదిమంది బల్ల చుట్టూ చేరారు. వీళ్ళు స్టోరుకు వెళ్ళొచ్చిన బ్యాచి కాదు, మీసం చూసి ఎవరో మగమనిషే అనుకున్నారు; తేల్చింది కమిటీకి వెళ్తుందని మాత్రం ప్రిన్సిపాల్ మేడమ్ ముందే చెప్పింది. చర్చ నడిపేవాణ్ణి అందరూ లాయరు అంటారు. వాడి నోట్లో నాలుక కాదు, కత్తెర. బోర్డు మీద రాసేది ఒక సన్నపాటి అమ్మాయి. మిగతావాళ్ళు పది మాటలు మాట్లాడితే ఆ అమ్మాయి ఒకటి మాట్లాడుతుంది. బోర్డు మీద మూడు గడులు గీసింది: తెలిసినవి, తెలియనివి, చేయాల్సినవి.

తెలిసినవాటి గడి క్షణంలో నిండింది. దుప్పటి దగ్గర గది గొల్లుమంది. "ఇతనికి స్టోరు మీద ప్రేమా, స్టోరుకి ఇతనంటే భయమా?" అన్నాడు లాయరు. సారు పెదవులు సాగదీసి నవ్వాననిపించాడు. ఆ దుప్పటి ఆ రోజు అక్కకు తెచ్చిచ్చింది ఆయనే.

"తెలియని వాటిలో ఒకటి రాస్తున్నా" అంది రాసే అమ్మాయి. ఎవరి ఒప్పుదలకీ ఆగకుండా మొదటి వరసలో రాసింది: ఆయన ఎందుకు సెలవు పెట్టడు?

"పొగరు" అన్నారొకరు. "లోపల ఏదో గోల్‌మాల్ ఉండుంటుంది" అన్నారింకొకరు.

ఆ అమ్మాయి సారు వైపు తిరిగింది. "కారణం తర్వాత ఇస్తారా సార్?"

"కారణం ఉంటుందని ఎందుకనుకుంటున్నావు?" అన్నాడు సారు. నాలుగేళ్ళ అలవాటు కాబట్టి మాట తడబడలేదు.

కారణం ఇదీ. పదకొండేళ్ళ క్రితం సారు ఇంకా సారు కాలేదు. చదువు ముగించి, అక్క స్టోర్లోనే శిక్షణలో ఉన్నాడు. అక్కకు కడుపులో ఆపరేషను. నాలుగు రోజులు సెలవు పెట్టి, తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి వెళ్ళింది. ముందురోజు వచ్చిన పెట్టెలు తలుపు దగ్గరే ఉన్నాయి, జాగ్రత్తగా చదివి సర్దమని మరీ మరీ చెప్పింది. స్నేహితులతో ఆటకు పోవాలన్న తొందరలో తమ్ముడు చదవలేదు. మందుపొడి కలిపే శుద్ధమైన నీళ్ళ సీసాలుండే అరలో, పొటాషియం సీసాల పెట్టె పెట్టేశాడు. రెండూ వేలెడంత గాజుసీసాలే, రెండింటి మీదా నీలం అక్షరాలే. అరలోంచి గుప్పెడు సీసాలు పిల్లల వార్డుకు వెళ్ళాయి. నీళ్ళనుకుని అది నరంలోకి ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోతుంది. ఒక నర్సు సూదిలోకి లాగబోతూ పేరు చదివింది కాబట్టి ఆ బిడ్డ బతికింది.

విచారణ జరిగింది. కుట్లు పచ్చిగా ఉండగానే అక్క వచ్చి, ఆ అర సర్దింది నేనే, సెలవుకు వెళ్ళేముందు సర్దాను అని రాసిచ్చింది. ప్రమోషను శాశ్వతంగా ఆగింది. ఇంకొక్క పొరపాటు జరిగితే ఇంటికేనని కాగితం ఇచ్చారు. "నువ్వు నోరు మూసుకో. నీకింకా సర్టిఫికెట్ చేతికి రాలేదు" అంది తమ్ముడితో. ఆయన నోరు మూసుకున్నాడు. అక్క అటు నర్సుల్నీ ఇటు శిక్షణకొచ్చే పిల్లల్నీ నమ్మడం మానేసి, పొటాషియాన్ని ఎర్ర డబ్బాలో పెట్టి తాళం వేసుకుంది. అప్పటి అధికారులు బదిలీలమీద వెళ్ళిపోయారు. తమ్ముడు పైచదువు చదివి, మందు చేత్తో పట్టుకోనక్కర్లేని ఉద్యోగం చూసుకున్నాడు. ఇప్పుడు అదే అక్క మీద కాగితం రాసి, అసలు ముక్క మింగేశాడు.

రెండో వారం పిల్లలు చదువుకుని వచ్చారు. బాధ్యతలు పంచడం, ఒక్క మనిషి మీద ఆధారపడితే వచ్చే ప్రమాదం, సిబ్బందిని మార్చే పద్ధతులు, అన్నీ పుస్తకాల్లోంచి లాగి బల్ల మీద పోశారు. చక్కగా చదివారు, తప్పు పట్టడానికేం లేదు. ఇంకో సమస్య అయితే సారు పొంగిపోయేవాడు. తాను నేర్పించిన పద్ధతే అక్క చుట్టూ ఒక్కో ఇటుక పేర్చుకొస్తుంటే కుడితిలో పడ్డ ఎలుకలా గిలగిల్లాడాడు.

"అతను చేసేవాటిలో మంచిదేమైనా ఉందేమో చూశారా?" అన్నాడు ఉండబట్టలేక.

"సార్, ఇది ప్రశ్న కాదు, క్లూ. రూలు ఒప్పుకోదు" అన్నాడు లాయరు. అందరూ నవ్వారు. ఆ రూలు మొదటిరోజు వాళ్ళకు వల్లెవేయించింది సారే.

రాసే అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఎర్ర డబ్బా సంగతి చదివాను. ప్రమాదకరమైన సీసాలు విడిగా తాళంలో పెట్టాలట. అంటే అందులో ఇతను కరెక్టే. ఎక్కడో ఒకసారి చెయ్యి కాలి ఉంటుంది" అంది.

"కాలితే కాగితంలో ఉండేది" అని లాయరు కొట్టిపారేశాడు. "తాళాలు లాక్కోవాలి. మనిషిని రికార్డుల గదికి మార్చాలి. ఖాయం చేసేముందు అనుభవం ఉన్నవాళ్ళని ఒకర్ని పిలిచి అడుగుదాం. పద్ధతిలో ఉందిగా?"

"ఎవర్ని?" అన్నారు మిగతావాళ్ళు.

లాయరు కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "ఎదురుగా ఉన్నారుగా. స్టోరు మేడమ్! తిట్టినా పని తెలిసిన మనిషి."

సారు కుర్చీలోంచి సగం లేచాడు. "ఆవిడకి... వాళ్ళకి తీరిక ఉంటుందా?"

"అది ఆవిణ్ణే అడుగుదాం సార్" అన్నాడు లాయరు. ఎవరిని పిలవాలో పిల్లలే తేల్చుకుంటారు, ట్యూటరు అడ్డు చెప్పకూడదు. అదీ రూలే. ప్రిన్సిపాల్ మేడమ్ ఆ పూటే సంతకం పెట్టేసింది. స్టోరు మేడమ్ వస్తానంది.

ఆ వారమంతా సారు రోజూ మెట్లు దిగి అక్క గుమ్మం దాకా వెళ్ళాడు. రోజూ నీళ్ళు నమిలి పైకి వచ్చేశాడు. మూడో సిట్టింగు రోజు పొద్దున మాత్రం తెగించి లోపలికి వెళ్ళాడు. అక్క బట్టలు ఇస్త్రీ చేసుకుంటోంది. జుట్టుకు నూనె రాసి నున్నగా దువ్వుకుంది.

"ముప్పై ఏళ్ళలో నన్నెవరైనా కూర్చోబెట్టి నీకు తెలిసింది చెప్పమ్మా అనడం ఇదే మొదలు" అంది. "ఆరోజు పిల్లల్ని మరీ కసిరాను రా. పాపం, మనసులో పెట్టుకోకుండా పిలిచారు. ఏం అడుగుతారేంటి?"

"స్టోరు గురించేనక్కా."

"స్టోరు గురించైతే తడుముకోను" అంది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి తమ్ముడి మొహంలోకి చూసింది. "నువ్వేంట్రా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నా" అన్నాడు. చెప్పాల్సింది చెప్పకుండానే మెట్లెక్కేశాడు.

సరిగ్గా పదకొండింటికి ఆవిడ వచ్చింది. స్టోరు తాళం వేసి, అరగంటలో వస్తానని తలుపుమీద చీటీ అంటించి వచ్చింది. లాయరు లేచి కుర్చీ లాగాడు. రాసే అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు పెట్టింది. "నమస్తే సారూ" అంది అక్క మూల కుర్చీ వైపు. "నమస్తే మేడమ్" అన్నాడు ఆయన.

కాగితం చేతికిచ్చారు. కళ్ళజోడు పెట్టుకుని, స్టోర్లో పెట్టెమీద పేరు చదివినట్టే, వేలు కింద పెట్టుకుంటూ ఒక్కో వరసా చదివింది. మొదటి రెండు వరసలకు చిన్నగా నవ్వింది. మూడో వరసకు నవ్వు ఆగింది. తర్వాత వేలు ఒకచోట నిలబడిపోయింది. ఎక్కడ నిలబడిందో సారుకి తన కుర్చీలోంచే తెలిసింది.

"ఎవరు రాశారమ్మా ఇది?" అని రాసే అమ్మాయిని అడిగింది.

"మా సారే రాశారు మేడమ్."

"బాగా రాశారు" అంది అక్క. "దుప్పటి రంగు కూడా రాశారు."

ఆమాట పిల్లలకు మెచ్చుకోలులాగే వినిపించింది. లాయరు హుషారుగా అందుకున్నాడు. "ఇది ఉత్తి క్లాసు కాదు మేడమ్. మేం తేల్చింది నెలాఖరుకి ఆసుపత్రి కమిటీకి వెళ్తుంది. అందుకే మీలాంటివాళ్ళని అడిగి ఖాయం చేద్దామని."

"ఏ ఆసుపత్రి కమిటీకి?"

"మీదే మేడమ్."

అక్క కళ్ళజోడు తీసి, మడిచి, చేతిలో పట్టుకుంది. సారు తల వంచుకున్నాడు. నేల పలకల మధ్య గీతలు తప్ప ఆయనకింకేం కనబడలేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండునని ఆ క్షణంలో ఆయన మనసారా కోరుకున్నాడు.

"ఏం తేల్చారు?" అంది అక్క.

"తాళాలు తీసుకోవాలి, మనిషిని మార్చాలి."

"సరిగ్గా తేల్చారు" అంది. గొంతులో తేడా లేదు. "తాళం ఇద్దరి దగ్గరుండాలి. వచ్చిన పెట్టె ఇద్దరు చదవాలి, ఒకరు పైకి చదివితే ఇంకొకరు చూడాలి. ఈ పని ఆ మనిషి ఎప్పుడో చేసుండాల్సింది. అందరినీ బయట నిలబెట్టి, తనొక్కడే లోపల కూర్చుంటే తప్పు జరగదనుకున్నాడు. భయపడ్డవాడు అలాగే అనుకుంటాడు. ఇన్నేళ్ళలో ఒక్కడికీ పని నేర్పలేదు చూడండి, అది మాత్రం పెద్ద తప్పు."

రాసే అమ్మాయి మార్కరు పట్టుకునే ఉంది. "దేనికి భయం మేడమ్? అదొక్కటే మిగిలిపోయింది." బోర్డు మీద రెండో గడిలో, మూడు వారాల్లో మిగతావన్నీ చెరిగిపోయి, మొదటి వరస ఒక్కటే ఉంది.

అక్క దాన్ని చదివింది. "కాగితంలో లేదుగా అమ్మా. మా స్టోర్లో కాగితంలో లేనిది మేం ఇవ్వం. రాసినవారు చెప్పాలి."

ఎనిమిది తలలు మూలకు తిరిగాయి.

"సారు చెప్పకూడదు మేడమ్. ట్యూటరు జవాబివ్వకూడదని రూలు" అన్నాడు లాయరు, సారుని ఆదుకుంటున్నట్టు.

"అవునా? మంచి రూలే" అంది అక్క. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "కమిటీకి రాసేటప్పుడు ఒక మాట కలపండి. ఆ మనిషి ఒప్పుకున్నాడని రాయండి."

"అంత మొండివాడు ఒప్పుకుంటాడా మేడమ్?"

"ఒప్పుకుంటాడు. అలిసిపోయాడు" అంది. రాసే అమ్మాయి తల నిమిరి తలుపు వైపు నడిచింది. నడుస్తుంటే మెడలోని తాళంచెవులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేశాయి.

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆ చప్పుడు వింటూనే ఉన్నాడు ఆయన. అది గుమ్మం దాటితే ఇక ఈ జన్మకు తాను నోరు విప్పలేడని తెలిసిపోయింది. దాటేదాకా ఊరుకుంటే చాలు, ఏ గొడవా లేదు. పిల్లలకు మంచి మార్కులు, ప్రిన్సిపాల్ మేడమ్‌కు మంచిపేరు, అక్కకు రికార్డుల గది. ఎవరూ ఎప్పటికీ అడగరు.

"పిల్లల వార్డుకు పొటాషియం సీసాలు వెళ్ళాయి" అన్నాడు. "నీళ్ళ సీసాలుండాల్సిన చోట. పదకొండేళ్ళ కిందట."

అక్క గుమ్మంలో ఆగిపోయింది.

"సార్, రూలు..." అన్నాడు లాయరు.

"ఆ రోజుల్లో ఆవిడ ఆపరేషనుకని సెలవులో ఉంది. పెట్టె చదవకుండా సర్దినవాడు ఇంకొకడు. నింద ఆవిడ మీదేసుకుంది. ఆ సెలవే ఆఖరు సెలవు."

"ఒరేయ్, కూర్చో" అంది అక్క. ఆ ఆవరణలో ఆవిడ ఆ పిలుపు పిలవడం అదే మొదలు. "నోరు మూసుకుని కూర్చో. నీ ఉద్యోగం..."

"ఇన్నేళ్ళూ మూసుకునే కూర్చున్నానక్కా" అన్నాడు. అని పిల్లల వైపు తిరిగాడు. "సర్దింది నేను. కాగితంలో ఉన్నది మా అక్క. మీసం నేను పెట్టిందే. ఇది కూడా కమిటీకి వెళ్ళాలి."

రాసే అమ్మాయి మార్కరు మూత తీసి, బోర్డు వైపు తిరిగి, ఆగింది.

"ఏ గడిలో రాయాలి సార్?"

నీకే గడి అనిపిస్తోంది అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన దాన్ని మింగేశాడు.

"తెలిసినవాటిలో" అన్నాడు. "మొదటి వారమే అక్కడ ఉండాల్సింది."

ఆ అమ్మాయి రాయడం మొదలుపెట్టింది. గుమ్మంలో నిలబడ్డ అక్క కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తమ్ముడి వైపు చూడలేదు. బోర్డు మీద పడుతున్న ఒక్కో మాటనీ, పెట్టెమీద పేరు సరిచూసుకునే మనిషిలా, పెదవులు కదుపుతూ చదువుకుంటూ ఉండిపోయింది.